సినిమా చూశాక ‘బాగుంది’, ‘లాగ్ ఉంది’ దాటి మాట్లాడాలంటే ఎలా చూడాలి?

మ్యాట్నీ_మిత్రుడు:

కూకట్‌పల్లి చుట్టుపక్కల ఉండే నలుగురం ఆదివారాలు కలిసి సినిమా చూస్తాం. అయ్యాక చర్చ మొదలవుతుంది, పది నిమిషాల్లో హీరో దగ్గరో, ‘సెకండాఫ్ తేలిపోయింది’ దగ్గరో ఆగిపోతుంది. కెమెరా పనితనం బాగుందంటాం, ఏం బాగుందో చెప్పలేం. ఎడిటింగ్ అంటే నిడివి తగ్గించడమని మాత్రమే తెలుసు. చరిత్ర, సిద్ధాంతాలు తర్వాత చదువుకుంటాం, ముందు చూసే పద్ధతి కావాలి. ఎక్కడ ఆపాలి, ఏం రాసుకోవాలి, దేనికోసం వెతకాలి? ఇంట్లో 55 అంగుళాల టీవీ ఉంది, సౌండ్‌బార్ లేదు. హైదరాబాద్‌లో ఇలా చూడటానికి పనికొచ్చే హాళ్లు, చోట్లు కూడా చెప్పండి. ‘చచ్చేలోపు చూడాల్సిన వంద సినిమాలు’ జాబితాలు మాత్రం వద్దండీ, అవి బోలెడు ఉన్నాయి.

ఎడిట్_టేబుల్:

సినిమా మొత్తాన్ని ఒకేసారి పట్టుకుందామనుకోవడమే మొదటి పొరపాటు. రెండున్నర గంటల సినిమాలో షాటు (కోత లేకుండా సాగే ఒక్క ముక్క) సగటున 4 సెకన్లు అనుకుంటే 2250 షాట్లు. ఎవరివల్లా కాదు. నాలుగైదు నిమిషాల సీన్ ఒక్కటి తీసుకోండి. పాట, ఫైటు వద్దు, వాటి వేగం చూసి మోసపోతాం. ఇద్దరు మనుషులు ఒక గదిలో మాట్లాడుకునే సీన్ అయితే మేలు.

సినిమాని ముందు ఒకసారి పూర్తిగా, పెన్ను ముట్టకుండా చూసేయండి. ఆ తర్వాత ఎంచుకున్న సీన్‌ని మూడుసార్లు వేయండి. మొదట మామూలుగా. రెండోసారి సౌండ్ తీసేసి. మూడోసారి తెరకు వీపు పెట్టి, వింటూ మాత్రమే. సౌండ్ తీసేసినప్పుడే కట్లు, అంటే ఒక షాటు ఆగి ఇంకోటి మొదలయ్యే చోట్లు, కనిపిస్తాయి. మాటలు వినిపిస్తున్నంతసేపూ మనసు వాటి అర్థం వెంట పోతుంది, కట్టు ఎప్పుడు పడిందో తెలియదు. తెలియకుండా ఉండాలనే ఎడిటర్ అలా కోస్తాడు కూడా.

సౌండ్ లేకుండా చూసేటప్పుడు నోటుబుక్కులో నాలుగు గళ్లు గీయండి. షాటు ఎన్ని సెకన్లు, మనిషి ఎంత దగ్గరగా ఉన్నాడు, కెమెరా కదిలిందా, ఫ్రేములో ఎవరెవరున్నారు. 5 నిమిషాల సీన్లో 59 కట్లు పడితే 60 షాట్లు, సగటు 5 సెకన్లు. ఈ సగటు దానికదే ఏమీ చెప్పదు, దాన్ని పట్టుకుని ‘వేగంగా ఉంది’ అని రాసేవాళ్లు చాలామంది. చూడాల్సింది సగటు తప్పిన చోటు. అన్నీ నాలుగైదు సెకన్లుండి ఒక్క షాటు 22 సెకన్లు నిలబడిందంటే సీన్ బరువు చాలావరకు అక్కడే ఉంటుంది. అక్కడ ఆపి, కోయకుండా ఎందుకు ఉంచారో నలుగురూ మాట్లాడుకోండి.

ఇక కట్టు ఎక్కడ పడింది, మాట అయ్యాకా, మధ్యలోనా? మాట పూర్తవగానే మనిషి మారుతూ ఉంటే అది పింగ్‌పాంగ్, రాసిన డైలాగుల్ని చూపించడం తప్ప పెద్ద పనేమీ జరగట్లేదు. ఒకరు మాట్లాడుతుండగానే వినేవాళ్ల ముఖానికి వెళ్లారంటే, ఆ మాట ఎవరికి తగిలిందన్నదే సీన్ అని ఎడిటర్ తేల్చేశాడు. మొదటి క్లోజప్ ఏ వాక్యం దగ్గర వచ్చిందో తప్పనిసరిగా రాసుకోండి. సీన్ మొదలైన పది సెకన్లకే క్లోజప్ వాడేస్తే, అసలు అవసరం వచ్చినప్పుడు ఇంకా దగ్గరికి పోవడానికి చోటుండదు. టీవీ సీరియల్ వాసన కొట్టే సినిమాల్లో ఎక్కువగా దొరికే జబ్బు ఇదే.

ఇద్దరి మధ్య ఒక గీత ఊహించుకోండి. కెమెరా గీతకు ఒకవైపే ఉన్నంతకాలం ఒకరు ఎప్పుడూ కుడికీ, ఇంకొకరు ఎడమకీ చూస్తుంటారు. గీత దాటగానే ఇద్దరూ ఒకే వైపు చూస్తున్నట్టుంటుంది. అది పొరపాటా, కావాలని చేశారా అన్నది అక్కడి మాటను బట్టి తేలుతుంది. సంబంధం తిరగబడే వాక్యం దగ్గరే దాటితే కావాలనే చేసినట్టు లెక్క.

లెక్కల్లో ఒక పొరపాటు జరుగుతూ ఉంటుంది. కెమెరా గిర్రున తిరిగినప్పుడో, ఎవరైనా అడ్డం వచ్చినప్పుడో కొత్త షాటు అనుకుంటాం. అనుమానం వస్తే వీఎల్‌సీ ప్లేయర్లో ‘ఈ’ అక్షరం కీ నొక్కితే ఒక్కో ఫ్రేమూ కదులుతుంది. యూట్యూబ్‌లో అయితే కంప్యూటర్ మీద వీడియో ఆపి కామా నొక్కితే వెనక్కి, చుక్క నొక్కితే ముందుకి. సెకనుకు 24 ఫ్రేములు కాబట్టి 24 నొక్కులకు సెకను.

ప్రొజెక్షన్_గది:

ఇవన్నీ చేసేముందు టీవీ సరిచేయండి. కంపెనీ సెట్టింగుల్లో ఉన్న టీవీ మీద ఛాయాగ్రహణం గురించి మాట్లాడటం నల్ల కళ్లద్దాలు పెట్టుకుని రంగుల గురించి మాట్లాడటమే.

పిక్చర్ మోడ్ ‘సినిమా’ లేదా ‘ఫిల్మ్‌మేకర్’కి మార్చండి. ‘వివిడ్’, ‘డైనమిక్’ షోరూములో అమ్ముకోవడానికి పెట్టినవి. మోషన్ స్మూదింగ్ ఆపేయండి. సోనీలో దాన్ని మోషన్‌ఫ్లో అంటారు, ఎల్‌జీలో ట్రూమోషన్, శాంసంగ్‌లో ఆటో మోషన్ ప్లస్ లేదా పిక్చర్ క్లారిటీ. సెకనుకు 24 ఫ్రేముల సినిమాకి మధ్యలో లేని ఫ్రేముల్ని టీవీ సొంతంగా పుట్టించి నునుపు చేస్తుంది. ఏ సినిమా అయినా సీరియల్లా కనిపించడానికి కారణం అదే. షార్ప్‌నెస్ చాలా టీవీల్లో సున్నా దగ్గరికి తేవాలి, సోనీలో మాత్రం 50 అంటేనే మామూలు, ఇంకా తగ్గిస్తే మసక. రంగు ఉష్ణోగ్రత ‘వార్మ్’ వైపు, అంటే 6500 కెల్విన్ చుట్టూ. మొదటి రెండు రోజులు పసుపుగా అనిపిస్తుంది, కళ్లు సర్దుకుంటాయి. నలుపు తెలుపు సినిమాలో తేడా వెంటనే తెలుస్తుంది. ‘కూల్’లో తెల్లచీర నీలంమందు ఎక్కువైనట్టు ఉంటుంది.

దూరం. చేయి పూర్తిగా చాచి, వేళ్లు విప్పి జాన పెట్టి చూడండి, కంటికి అది సుమారు 20 డిగ్రీలు. తెర వెడల్పు ఒకటిన్నర నుంచి రెండు జానలు నిండాలి. 55 అంగుళాల తెర వెడల్పు 122 సెంటీమీటర్లు, కాబట్టి ఐదున్నర నుంచి ఏడున్నర అడుగుల్లో కూర్చోవాలి. మన ఫ్లాట్లలో సోఫా పదకొండు అడుగుల అవతల గోడకు ఆనించి ఉంటుంది. అక్కడినుంచి టీవీ ఒక్క జాన. లాంగ్ షాటులో మనిషి చీమంత కనిపించి, ‘అనవసరంగా దూరం నుంచి తీశాడు’ అనేస్తాం. సోఫా జరపలేకపోతే నేలమీద చాప వేసుకోండి. ట్యూబ్‌లైట్ ఆపి టీవీ వెనక చిన్న దీపం ఉంచితే కళ్లు లాగవు.

ఇక ఫ్రేము. ఇది చాలామంది పట్టించుకోరు. 1950ల, 60ల తెలుగు సినిమా ఫ్రేము వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 1.37:1, చతురస్రానికి దగ్గర. మొదటి తెలుగు స్కోప్ సినిమా ‘అల్లూరి సీతారామరాజు’ వచ్చింది 1974లో. స్కోప్ అంటే 2.39:1 చుట్టూ. మీ టీవీ 16:9. కాబట్టి పాత సినిమాకి రెండు పక్కలా నల్లపట్టీలు, స్కోప్‌కి పైనా కిందా పట్టీలు రావాలి. రాకపోతే అనుమానించండి. పాత సినిమా తెర నిండుగా వచ్చిందంటే ఎత్తులో పావువంతు దాకా కోసేసి ఉంటారు, లేదా అడ్డంగా సాగదీసి ఉంటారు. నిలబడ్డ మనుషుల నుదురు తెగుతోందా, చంద్రుడు కోడిగుడ్డులా ఉన్నాడా చూస్తే తెలిసిపోతుంది. స్కోప్ సినిమాని జూమ్ చేసి నింపితే పక్కల్లో మళ్లీ పావువంతు పోతుంది. చివర్న నిలబడి మౌనంగా వింటున్న మనిషి ఫ్రేములోనే ఉండడు. అప్పుడు ఎడిట్_టేబుల్ గారు చెప్పిన ‘ఫ్రేములో ఎవరున్నారు’ గడి మొత్తం తప్పే.

‘మాయాబజార్’ చూసేట్టయితే 1957 నాటి నలుపు తెలుపు రూపమే చూడండి, 2010లో రంగులద్దినది తర్వాత. లాహిరి పాటలో వెన్నెల భ్రాంతి కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ సృష్టించింది. ఆయన పని అంతా తెలుపుకీ నలుపుకీ మధ్య బూడిదరంగు మెట్లలో ఉంది. ఆ మెట్ల మీద నీలం, గులాబీ పరిచాక చూపు రంగు మీదికి పోతుంది, మెట్లు కనబడవు. రంగులద్దే పనితనాన్ని తక్కువ చేయట్లేదు. కానీ నీళ్లమీద మెరుపు ఎటునుంచి వస్తోంది, ముఖంమీద వెలుగు అదే దిక్కునుంచి వస్తోందా అని వెతకడానికి పాతదే నయం. పక్కనే శ్యామ్ బెనెగల్ 1974లో మన హైదరాబాద్ పరిసరాల్లోనే తీసిన ‘అంకుర్’ పెట్టుకుని ఒక ఐదు నిమిషాలు చూడండి. గోవింద్ నిహలానీ కెమెరా, ఊళ్లో నిజమైన ఇళ్లు, ఎండ. వెలుగును పుట్టించడం ఒక పని, ఉన్న వెలుగులో మనిషిని ఎక్కడ నిలబెట్టాలో ఎంచుకోవడం ఇంకో పని. ఏది గొప్పది అనే చర్చలోకి దిగకండి, అది తెగదు.

నేల_టిక్కెట్:

ఇంట్ల టీవీ సంగతి మంచిగ చెప్పిండ్రు. థియేటర్ ముచ్చట నేను చెప్త.

ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌ల పెద్ద హీరో సినిమాకు మొదటి రోజు పోతే సగం డైలాగులు వినబడయి, ఈలలే. గాని ఆ షో దండుగ కాదు. ఎంట్రీ అయినంక, పంచ్ డైలాగ్ పడినంక సినిమాల రెండు మూడు సెకన్లు ఖాళీ ఇడుస్తరు. హీరో నడుస్తుంటడు, ఎనుక ఆర్‌ఆర్ (బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్) మోగుతుంటది, పనికొచ్చే మాట ఒక్కటుండది. ఆ ఖాళీ జనం ఈలలకని కట్టిందే. అదే సీన్ ఓటీటీల ఒక్కరే కూసొని చూస్తే ‘లాగ్’ అనిపిస్తది. లాగ్ కాదన్నా, అది వేరే జాగ కోసం కుట్టిన అంగి. ఏది నిజంగ లాగో, ఏది ఈలల జాగనో తెల్వాలంటే ఒక మాస్ సినిమా రెండు తీర్ల చూడాలె, మొదటి రోజు సింగిల్ స్క్రీన్ల ఒకసారి, ఇంట్ల ఒకసారి. నిజమైన లాగ్ రెండు దిక్కులా బోర్ కొడ్తది.

ఇంటర్వల్ కూడ రాసుకోవాలె. మన సినిమా కథని ఇంటర్వల్ చుట్టే కడ్తరు. లైట్లు వెలిగే ముందు ఏ ప్రశ్న ఏలాడదీసిండ్రు, సెకండాఫ్ ఎన్నో నిమిషంల దానికి జవాబొచ్చింది, గది చూస్తే ‘సెకండాఫ్ తేలిపోయింది’ అన్నమాటకు లెక్క దొరుకుతది. ఇరవై నిమిషాలల్ల జవాబు చెప్పేసి, గంట సేపు కొత్త ప్రశ్న లేకుంట నడిపిస్తే తేలిపోకుంట ఏమైతది?

సీటు విషయం. తెర వెడల్పు ఎంతో దానికి ఒకటి నుంచి ఒకటిన్నర రెట్ల దూరంల, నడిమి సీట్లు తీస్కోవాలె. జాన లెక్క ఇక్కడ కూడ పనికొస్తది, రెండు నుంచి రెండున్నర జానలు. చివరి వరుస పక్క సీట్ల కూసుంటే ఆ పక్క స్పీకరే ఎక్కువ వినబడ్తది. ప్రసాద్స్ పెద్ద తెర దాదాపు 101 అడుగుల వెడల్పు, 64 అడుగుల ఎత్తు. దానిమీద స్కోప్ సినిమా వేస్తే బొమ్మ ఎత్తు 42 అడుగులే వస్తది, మిగిలింది నలుపు. అది హాలు తప్పు కాదు, ఫ్రేము లెక్క. అందుకే ఏ సినిమా ఏ ఫ్రేముల తీసిండ్రో చూసి టికెట్ కొనాలె.

చర్చతోని చూడాలంటే బంజారాహిల్స్‌ల లామకాన్ ఉంది, అలియాన్స్ ఫ్రాంసేజ్, గోథే సెంత్రుమ్ ఉన్నయి. హైదరాబాద్ ఫిల్మ్ క్లబ్ షోలు అమీర్‌పేట సారథి స్టూడియోస్ ప్రివ్యూ థియేటర్ల వేస్తుంటరు. ప్రోగ్రాం చూసుకొని పోవాలె, రోజూ ఉండయి.

మ్యాట్నీ_మిత్రుడు:

చాలా థాంక్స్ అందరికీ. చాప ఐడియా ఇవాళే అమలు. పట్టికలో ‘కెమెరా కదిలిందా’ అన్న గడి దగ్గర చిక్కుకున్నాం. ట్రాలీనా, జూమా, స్టెడీక్యామా, చేత్తో పట్టుకున్నారా, ఎలా గుర్తుపట్టాలి? ఇంకోటి, వెనుకకు తిరిగి వింటే మాటలూ మ్యూజిక్కూ తప్ప ఏం వినాలో తెలియలేదు.

ఎడిట్_టేబుల్:

ముందు జూమ్‌నీ ట్రాలీనీ వేరుచేయండి. ఫ్రేములో దగ్గరగా ఒక స్తంభం, వెనక దూరంగా గోడ ఉన్న షాటు చూడండి. ట్రాలీ ముందుకెళ్తే స్తంభం గబగబా పెరిగి ఫ్రేము బయటికి జారిపోతుంది, గోడ నెమ్మదిగా పెరుగుతుంది. రెంటి మధ్య ఎడం మారుతుంది. జూమ్‌లో కెమెరా ఉన్నచోటే ఉంటుంది కాబట్టి రెండూ ఒకే నిష్పత్తిలో ఉబ్బుతాయి, ఫొటోని పెద్దది చేసినట్టు.

ట్రాలీ పట్టాలమీద పోతుంది. దారి తిన్నగానో, ఒకే వంపులోనో ఉంటుంది, మెట్లెక్కదు. కెమెరా వెళ్లిన దారి తర్వాత ఫ్రేములోకి రాకుండా చూసుకుంటారు, వస్తే పట్టాలు కనబడతాయి. స్టెడీక్యామ్ మనిషి ఒంటికి కట్టుకునేది కాబట్టి మూలలు తిరుగుతుంది, మెట్లు దిగుతుంది, తలుపులు దాటుతుంది. ఎక్కడో పడవలో ఉన్నట్టు అతి చిన్న ఊగు ఉంటుంది, ఆగినప్పుడు చూస్తే దొరికిపోతుంది. చేత్తో పట్టింది అయితే అదురుతుంది, ఊపిరి తెలుస్తుంది. తెలుగులో స్టెడీక్యామ్ అనగానే అందరూ చెప్పే ‘శివ’ 1989 నాటిది, అందులో పరుగులు, వెంబడింపులు పెట్టుకుని చూడండి. కెమెరా హీరో ముందు ఉందా, వెనకా, పక్కనా అన్నది రాసుకుంటే చాలు. వెనక ఉంటే మనకూ ఏం రాబోతోందో తెలియదు. ముందుంటే అతని ముఖమే తెలుస్తుంది, ఎటు పోతున్నాడో తెలియదు.

ఇప్పటి సినిమాల్లో గింబల్ (కెమెరా అదురును మోటార్లతో ఆపే పరికరం) వల్ల ఈ గుర్తులు కొంచెం చెరిగిపోయాయి. తేల్చుకోలేకపోతే ‘కదిలింది, నునుపుగా’ అని రాసి వదిలేయండి. పరికరం పేరు చెప్పడం కాదు పని, ఏ మాట దగ్గర కదలడం మొదలైందో పట్టుకోవడం పని.

ఆర్‌ఆర్_చెవి:

సౌండ్ ప్రశ్నకు. మీకు సౌండ్‌బార్ లేదు కదా, వినడానికి మామూలు వైరు ఇయర్‌ఫోన్స్ చాలు. యాప్‌లో ఆడియో 5.1 అని ఉంటే స్టీరియోకి మార్చండి. 5.1లో మాటలు ఎక్కువగా మధ్య స్పీకర్‌కి కేటాయిస్తారు. రెండే స్పీకర్లున్న టీవీ దాన్ని కుదించేటప్పుడు మాటలు నలిగి, ఫైటు ఇల్లెగరగొడుతుంది. మిక్సింగ్ బాలేదని రాసేవాళ్లలో సగంమంది వింటున్నది ఇదే.

ముందు ఆర్‌ఆర్ ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆగింది అని మాత్రమే పది నిమిషాలకు సమయాలు రాయండి. ట్యూన్ సంగతి వదిలేయండి. మ్యూజిక్ కట్టుకు ముందే మొదలైతే రాబోయే సీన్ గురించి ముందే చెప్పేస్తోంది. ముఖం చూపించాక రెండు సెకన్లకు మొదలైతే ఆ నటుడికి చోటిచ్చింది. పది నిమిషాల్లో తొమ్మిది నిమిషాలు ఆర్‌ఆర్ ఉంటే, ఆ మిగిలిన ఒక్క నిమిషం ఏ సీనో చూడండి, అందులో ఏదో ఒకటి ఉంటుంది.

తర్వాత గది చప్పుడు. మన దగ్గర ఎక్కువ సినిమాలకు మాటలు తర్వాత స్టూడియోలో డబ్బింగ్ చెప్పిస్తారు. వంటింట్లో మాట్లాడినా, ఖాళీ హాల్లో మాట్లాడినా గొంతు ఒకే దూరంలో, ఒకే పొడితనంతో వినిపిస్తే అది మైకు ముందు నిలబడి చెప్పిన గొంతు. మనిషి తలుపు దగ్గరికి నడిచాక కూడా గొంతు చెవిలోనే ఉంటే పట్టుకోవచ్చు. అడుగుల చప్పుడు అవసరమైనప్పుడే వినిపించి మిగతాప్పుడు మాయమైపోతే అవి తర్వాత కలిపినవి. కలపడం తప్పేమీ కాదు, ఎప్పుడు వినిపించాలనుకున్నారో చూడండి.

వేరే భాషనుంచి డబ్ అయిన సినిమా చూస్తుంటే ప, బ, భ, మ అక్షరాల దగ్గర పెదాలు చూడండి. ఇవి పలకాలంటే పెదాలు మూసుకోవాల్సిందే. తెరమీద పెదాలు మూసుకున్నచోట ఈ అక్షరాలున్న తెలుగు మాట పడేలా రాస్తేనే డబ్బింగ్ అతికినట్టుంటుంది. అనువాదం వికారంగా వినిపించే చోట చాలాసార్లు రచయిత అర్థాన్ని వదిలి పెదాల వెంట పోయి ఉంటాడు. మిడ్ షాటు, లాంగ్ షాటుల్లో ఆ బాధ తక్కువ, అక్కడ మాట సహజంగా మారిపోవడం గమనించవచ్చు.

వీపు పెట్టి వినడం మీద ఒక్క అభ్యంతరం. మొదట్లో దానివల్ల నటుల మాటే పైకొస్తుంది. నాకైతే తెర చూస్తూనే, మాటలు లేని ముప్పై సెకన్లు తీసుకుని పదిసార్లు వినడం మెరుగనిపిస్తుంది.

లాంగ్‌షాట్:

పట్టికలన్నీ బాగున్నాయి గానీ నటన ఏ గడిలోనూ లేదు. సీన్లో ఒకరినే ఎంచుకుని, వాళ్లు మాట్లాడని సమయమంతా వాళ్లనే చూడండి. ఎదుటివాళ్ల మాట చివరికొచ్చేదాకా ఆగి, తన వంతు రాగానే ముఖంలో కదలిక మొదలుపెట్టేవాళ్లు డైలాగు గుర్తుచేసుకుంటున్నారన్నమాట. వింటూ ఉండగానే కళ్లో, చేతులో మారితే మాట లోపల తయారవుతోంది. నలుగురున్నారు కాబట్టి పంచుకోండి, ఒకరు బొమ్మ, ఒకరు సౌండ్, ఒకరు కట్లు, ఒకరు నటన. పై వారం మార్చుకోండి.

రాసేటప్పుడు 250 మాటలు దాటకండి. కథ చెప్పడం అందులో 40 మాటల్లో ముగించాలి, లేకపోతే అదే మొత్తం తినేస్తుంది. ఏ పొగడ్తకైనా, తిట్టుకైనా పక్కన సమయం వేయాలి. ‘ఫొటోగ్రఫీ అద్భుతం’ కొట్టేసి, ‘47వ నిమిషంలో తండ్రి తలుపు దగ్గర నిలబడ్డప్పుడు వెలుగు వెనకనుంచే ఉంది, కొడుకు లేచి ఎదురు వెళ్లేదాకా ఆయన ముఖం మనకు కనబడదు’ అని రాయండి. ఆ వాక్యం రాశాక అద్భుతం అనాల్సిన పని ఉండదు. ‘దర్శకుడు చెప్పదలుచుకున్నది’ అన్నమాట కూడా మానేస్తే మంచిది. ఆయన మనసులో ఏముందో మనకు తెలియదు, పైగా ఆ వెలుగు కెమెరామన్‌ది కావచ్చు, డీఐలో, అంటే షూటింగ్ అయ్యాక కంప్యూటర్ మీద రంగులు సరిచేసేటప్పుడు, కలరిస్టుది కావచ్చు.

మ్యాట్నీ_మిత్రుడు:

పనులు పంచేసుకున్నాం, సౌండ్ నాకు పడింది. చివరగా ఒకటి: షాట్ల సెకన్లు లెక్కపెట్టడానికి ఫోన్ స్టాప్‌వాచ్ పట్టుకుంటే తెర చూడలేకపోతున్నాం.

ఎడిట్_టేబుల్:

స్టాప్‌వాచ్ తెర చూడకండి. ల్యాప్ బటన్ మీద బొటనవేలు పెట్టి, ఫోను తొడమీద ఆనించి, కట్టు పడినప్పుడల్లా నొక్కుతూ పోండి. సీన్ అయ్యాక ల్యాప్‌ల జాబితా వరసగా ఉంటుంది, అదే మీ సెకన్ల గడి. ప్రతి నొక్కూ పావు సెకను ఆలస్యమవుతుంది, అన్నీ అంతే ఆలస్యమవుతాయి కాబట్టి నిడివుల్లో పెద్దగా తేడా రాదు. సెకను లోపు షాట్లు వరసగా పడే చోట మాత్రం వేలు అందుకోదు, అక్కడ ఆపి ఫ్రేము ఫ్రేము లెక్కపెట్టుకోవాల్సిందే.